వేపేరిలో దొరికే ఏదెను తోట బొమ్మల పెట్టె: చెట్లు బాగున్నాయి, నాటిన చోటే బాగాలేదు

చెన్నైలో తెలుగు సండే స్కూలు నడిపేవాళ్లకు బొమ్మల సామాను దొరికే చోట్లు తక్కువ. వేపేరి, పురసవాక్కం వైపు క్రైస్తవ పుస్తకాల దుకాణాల్లో అడిగితే తమిళంలో పది రకాలు చూపిస్తారు. తెలుగులో కావాలంటే అట్టడుగు అర నుంచి ఒకటో రెండో దుమ్ము దులిపి తీస్తారు. అలా చేతికొచ్చేదే ఈ ఏదెను తోట ఫ్లానెల్ బొమ్మల పెట్టె. ధర రూ. 1,650. లోపల ఒక మడత బోర్డు, 46 ఫెల్ట్ ముక్కలు, 24 పేజీల టీచరు పుస్తకం ఉంటాయి. ఆదికాండం రెండు, మూడు అధ్యాయాలు పిల్లలకు చెప్పడానికి తయారుచేసినది. వేసవి వీబీఎస్ (సెలవుల బైబిలు బడి) కోసం కొనాలా వద్దా అని ఊగుతున్నవాళ్లకు మాట ముందే చెప్పేస్తే మంచిది: కొనొచ్చు. కానీ ఉన్నది ఉన్నట్టు వాడకూడదు. ఓ సాయంత్రం కూర్చుని దిద్దుకోవాలి.

ముందు బోర్డు. తెరిస్తే 60 × 90 సెంటీమీటర్లు. అట్ట దిట్టంగా ఉంది, వంగదు. మీద లేత నీలం ఫ్లానెల్ అంటించారు. వేలితో నిమిరితే నూగు లేస్తుంది కాబట్టి గుడ్డ మంచిదే అనుకోవచ్చు. ఫ్లానెల్ బోర్డు పనిచేసేది ఆ నూగు మీదే. ముక్క వెనక నూగూ బోర్డు నూగూ ఒకదాన్నొకటి పట్టుకోవాలి. ఆ పట్టు ముక్క బరువును మోసేంతే, అంతకు మించి ఉండదు. బోర్డును నిటారుగా గోడకు ఆనిస్తే ఆదాము పాపంలో పడకముందే నేలమీద పడతాడు. పై అంచు 12 నుంచి 15 సెంటీమీటర్లు వెనక్కి వాలేలా కుర్చీకి ఆనించాలి. బోర్డు కింది అంచు జారకుండా ఒక మందపాటి బైబిలు అడ్డం పెడితే సరి. సీలింగ్ ఫ్యాను నేరుగా పైన తిరుగుతుంటే చిన్న ముక్కలు, ముఖ్యంగా పండ్లు, ఎగిరిపోతాయి. మే నెల చెన్నైలో ఫ్యాను ఆపడం అయ్యేపని కాదు గనుక బోర్డునే ఫ్యాను కింద నుంచి రెండు మీటర్లు పక్కకు జరపండి.

అసలు లోపం బోర్డు మధ్యలో ఉంది. రెండు పలకలు కలిసే చోట, అంటే సరిగ్గా నడిమధ్యన, మడత పడాలని గుడ్డను కోసి రెండు ముక్కలుగా అంటించారు. పైనుంచి కిందికి మూడు నాలుగు మిల్లీమీటర్ల బోసి గీత. ఆ గీత మీద ఏ ముక్కా నిలవదు. చెట్టు మాను లాంటి సన్నటి ముక్క ఐతే అసలే నిలవదు. తయారుచేసినవాళ్లకూ ఇది తెలిసే ఉండాలి, ఎందుకంటే టీచరు పుస్తకంలోని అమరిక బొమ్మలో మధ్యన చెట్లే లేవు. ఎడమ చివర జీవవృక్షం, కుడి చివర తినకూడని చెట్టు, నడుమ ఆదాము హవ్వలు, ఓ నెమలి, రెండు జింకలు. ఆదికాండం 2:9 మాత్రం ‘తోటమధ్యను’ అని ఊరికే అనలేదు. ఈ కథలో చెట్టు ఏది అన్నది ఎంత ముఖ్యమో, చెట్టు ఎక్కడ అన్నదీ అంతే ముఖ్యం. అట్ట మడత కోసం తోట నడిమధ్యనే ఖాళీ చేసేశారు.

ఇక్కడ కాస్త ఆగి వాక్యం చూడాలి. మన పాత తెలుగు అనువాదంలో ‘తోటమధ్యను’ అన్న మాట ముందొచ్చి, తర్వాత జీవవృక్షం, ఆ తర్వాత మంచి చెడ్డల తెలివినిచ్చు వృక్షం వస్తాయి. చదివితే రెండూ నడుమనే ఉన్నాయని అనిపిస్తుంది. హెబ్రీలో వరస వేరు. జీవవృక్షం, ఆ వెంటనే ‘తోటమధ్య’ అన్న మాట, తర్వాత రెండో చెట్టు. అంటే నడుమ ఉన్నదని ముందుగా, తేటగా చెప్పింది జీవవృక్షాన్ని. రెండో చెట్టు దాని పక్కకు వచ్చి చేరుతుంది. ఇప్పుడు 3:3 తిప్పండి. హవ్వ పాముతో మాట్లాడుతూ తినకూడనిదాన్ని ‘తోట మధ్యవున్న చెట్టు’ అంటుంది. జీవవృక్షం ఊసే ఎత్తదు. దేవుడు అనని ‘ముట్టకూడదు’ కూడా ఆమె మాటల్లో వచ్చి చేరుతుంది. వద్దన్న చెట్టే ఆమె కళ్లకు తోట నడిమధ్యన నిలబడిపోయింది. ఈ పెట్టెలో పాఠం నడిచే తీరు కూడా అదే. ఐదు భాగాల పాఠంలో నాలుగు తినకూడని చెట్టు చుట్టూనే తిరుగుతాయి. జీవవృక్షానికి దక్కినవి రెండు వాక్యాలు. పెట్టె తయారుచేసినవాళ్లు హవ్వ చెప్పిన పటమే నమ్మారన్నమాట.

దిద్దడం కష్టం కాదు. అదే రంగు ఫ్లానెల్ 25 × 60 సెంటీమీటర్ల పట్టీ ఒకటి తీసుకోండి. ఎడమ అంచును ఎడమ పలకకు శాశ్వతంగా అంటించండి. కుడి అంచుకు మూడు చోట్ల వెల్క్రో ముక్కలు కుట్టండి. పాఠం అప్పుడు పట్టీని మడత మీదుగా లాగి కుడి పలకకు అతికించాలి, ముగిశాక విప్పి బోర్డు మూసేయాలి. మామూలు తెల్ల ఫెవికాల్ వాడకండి. అది గుడ్డలోకి ఇంకి గట్టిపడితే నూగు చచ్చి, ఆ మేర ముక్కలు నిలవవు. గుడ్డలకు వాడే గమ్ అంచున చుక్కలు చుక్కలుగా పెడితే చాలు. ఎక్కువైతే కింది నుంచి మరక తేలుతుంది.

చెట్లు పెట్టేటప్పుడు జీవవృక్షాన్ని నడుమ కాస్త పైగా నిలపండి. రెండో చెట్టును దాని ముందు, ఓ చేతి వెడల్పు కిందికీ పక్కకీ జరిపి, మూడోవంతు దాన్ని కప్పేలా పెట్టండి. ఈ అమరికకు పాత ఆధారమే ఉంది. 4వ శతాబ్దపు సిరియా కవి ఎఫ్రేము తన పరదైసు (ఏదెను తోట) గీతాల్లో తెలివి చెట్టును జీవవృక్షం ముందు వేసిన తెరగా ఊహించాడు. ఇశ్రాయేలీయుల ఆరాధన గుడారంలో అతిపరిశుద్ధ స్థలం ముందు తెర ఉన్నట్టు. ముందున్నదాని విషయంలో మాట వింటే లోపలున్నది దక్కుతుంది. పిల్లలకు ఎఫ్రేము పేరు చెప్పనక్కర్లేదు, బోర్డు మీద చూపిస్తే అర్థమైపోతుంది.

బొమ్మల నాణ్యత విడివిడిగా చెప్పాలి. జీవవృక్షం ముక్క ఈ పెట్టెకే అందం. 28 సెంటీమీటర్ల ఎత్తు, ఆకులు మూడు పచ్చల్లో అచ్చయ్యాయి, మాను బెరడు గీతలు దగ్గరగా చూసినా చెదరలేదు. తినకూడని చెట్టు దగ్గరికొచ్చేసరికి చిత్రకారుడి చేయి దారితప్పింది. నల్లటి వంకర కొమ్మలు, ఊదారంగు ఆకులు, మాను నిండా ముళ్లు. చూడగానే పిల్లలు ‘దయ్యాల చెట్టు’ అంటారు. వాక్యం ఇందుకు పూర్తిగా ఎదురు. 2:9లో చూపునకు రమ్యం, ఆహారానికి మంచి అన్న మాటలు తోటలోని ప్రతి చెట్టుకూ వర్తిస్తాయి. 3:6లో హవ్వ చూసిన చెట్టుకూ అవే రెండు గుణాలు, మూడోది మాత్రం కొత్తగా వస్తుంది: వివేకమిచ్చేది. ముళ్లు నేలమీదికి వచ్చింది 3:18లో, అదీ తిన్న తర్వాత శాపంగా. ముళ్లను ముందే తెచ్చి చెట్టుకు గుచ్చితే ఇక శాపానికి పనేముంది? చెట్టే చెడ్డదైతే తినకపోవడం గొప్పేమీ కాదు, దాని జోలికి ఎవరూ పోరు. క్రైస్తవ పండితుడు అగస్టీను 5వ శతాబ్దం మొదట్లోనే తన ఆదికాండ వ్యాఖ్యానంలో ఈ సంగతి తేల్చేశాడు. చెట్టులో విషం లేదు, కీడంతా ఆజ్ఞ మీరడంలో ఉంది. ఆ చెట్టు ముక్క పక్కన పడేసి, మామూలు చెట్లు ఎనిమిదింటిలో పెద్దదాన్ని దాని చోట పెట్టండి. పచ్చగా, పండ్లతో, చూడ ముచ్చటగా ఉండాలి. లేకపోతే కథ నడవదు.

లేబుళ్లు ఆరు. ఐదు సరే. ఆరోదాని మీద ‘మంచి చెడు చెట్టు’ అని ఉంది. నడుమ ‘తెలివినిచ్చు’ రాలిపోయింది. చోటు చాలక తీసేశారేమో గానీ ఉండాల్సిన మాటే పోయింది. దీనితో పిల్లల బుర్రలో రెండు చెట్లు మంచి జట్టు, చెడ్డ జట్టు ఐపోతాయి. ఇంకో చిక్కు: చదువు పాపమా అని పదేళ్ల పిల్ల ఎవరైనా అడిగితే టీచరు పుస్తకంలో జవాబు లేదు. జవాబు బైబిల్లోనే ఉంది. మంచి చెడ్డలు ఎరగని పిల్లలని ద్వితీయోపదేశకాండం 1:39 చిన్నపిల్లల గురించే అంటుంది. మంచి చెడ్డలు వివేచించే మనసు కావాలని సొలొమోను అడిగితే, 1 రాజులు 3లో దేవుడు ఆ మనవిని మెచ్చుకున్నాడు. కాబట్టి తెలివి తప్పు కాదు. ఏది మంచో ఏది చెడ్డో నేనే తేల్చుకుంటాను, అడగాల్సిన పని లేదు అని చేయి చాపడం తప్పు. ఎనిమిదేళ్లలోపు పిల్లలకు ఇంత చెప్పక్కర్లేదు. ‘ఎవరు చెప్పింది నమ్మాలి?’ అన్న ఒక్క ప్రశ్న చాలు. లేబులు కోసం 20 × 6 సెంటీమీటర్ల అట్ట మీద పూర్తి పేరు రాసి, వెనక 120 నంబరు గరుకు కాగితం ముక్క అంటించండి. ఫ్లానెల్ మీద గరుకు కాగితం బ్రహ్మాండంగా నిలుస్తుంది. అట్టలు, కాగితం చెన్నై ప్యారీస్ కార్నర్ దగ్గర ఆండర్సన్ వీధిలో చవకగా దొరుకుతాయి. చెన్నైలో పెరిగిన మన పిల్లలు చాలామంది తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. లేబులు పెట్టేటప్పుడు వాళ్లతో రెండుసార్లు పైకి చెప్పించండి, బోర్డు మీద ఉన్నంత మాత్రాన చదివారనుకోవద్దు.

పండ్లు తొమ్మిది. ఎనిమిది రకరకాలు, తొమ్మిదోది ఎర్రటి ఆపిల్. దుకాణంలో అడిగితే ‘అదే కదా సార్ ఆ పండు’ అంటారు. కాదు. ఆదికాండం పేరే చెప్పలేదు, ‘ఫలం’ అని ఊరుకుంది. లాటిన్లో ఆపిల్‌కూ చెడుకూ మాటలు ఒకేలా ధ్వనిస్తాయి. ఆపిల్ ఆ వాడుక వల్లే వచ్చిందని చాలామంది చెబుతారు. కానీ లాటిన్ బైబిల్లో ఆ చోట ఉన్నది పండు అన్న మామూలు మాటే. ఆపిల్‌ను అందరి కళ్లలో నాటింది ఎక్కువగా పడమటి చిత్రకారులే. అదీ అందరూ కాదు: మికెలాంజెలో 1508–12 మధ్య రోములో సిస్టీన్ గుడి పైకప్పు మీద అంజూరపు చెట్టే వేశాడు. యూదు పెద్దలు తమ ధర్మచర్చల గ్రంథం తాల్ముదులో ద్రాక్ష, అంజూరం, గోధుమ అని తలో మాట అన్నారు. గోధుమ చెట్టేమిటని నవ్వకండి, ధాన్యం రుచి చూశాకే పసివాడికి అమ్మా నాన్నా అనడం వస్తుందన్నది వాళ్ల తర్కం. మన అరటి కూడా వరసలో ఉంది, వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో దానికిచ్చిన శాస్త్రీయ నామంలో పరదైసు మాట ఉండడం ఊరికే కాదు. ఆపిల్ తీసి మామిడిపండు పెడదామని కొందరు టీచర్లకు ఉంటుంది. అప్పుడు తప్పు మన ఊరిదవుతుంది గానీ ఒప్పు కాదు. పసుపు ఫెల్టులో మూడు గుండ్రటి ముక్కలు, ఏ పండూ కాని పండ్లు, కత్తిరించి పెట్టండి. ‘ఏ పండు?’ అని పిల్లలు తప్పక అడుగుతారు. ‘రాయలేదు’ అని చెప్పడం కూడా పాఠంలో భాగమే.

అంజూరపు ఆకుల కచ్చడాలు రెండున్నాయి. ఆకులు కోలగా, మొన తేలి, రావి ఆకుల్లా ఉన్నాయి. అంజూరపు ఆకు అలా ఉండదు. మూడో ఐదో తమ్మెలుగా, చెయ్యి పరిచినట్టు ఉంటుంది. ముట్టుకుంటే గరుకు, తుంచితే వచ్చే పాలు ఒంటికి తగిలితే దురద పుడుతుంది. ఆ ఆకులు కుట్టి కట్టుకున్నారంటే ఎంత ఇబ్బందో పిల్లలకు ఆకు తెచ్చి చూపిస్తే చాలు. చెన్నై నర్సరీల్లో అంజూరపు మొక్క కుండీల్లో దొరుకుతుంది, ఒక ఆకు అడిగి తెచ్చుకోవచ్చు. అత్తి అని అడిగితే మేడి చూపించే అవకాశం ఉంది. అది వేరు, దాని ఆకుకు తమ్మెలుండవు. యేసును చూడడానికి జక్కయ్య ఎక్కినదాన్ని మన అనువాదం మేడి చెట్టు అంటుంది గనుక పెద్ద పిల్లలు ఆ రెంటినీ కలిపేస్తారు, జాగ్రత్త. 3:21లో దేవుడు చేయించిన చర్మపు చొక్కాయిలు మాత్రం పెట్టెలో అసలు లేవు. గోధుమరంగు ఫెల్టు షీటు ఒకటి, 20–30 రూపాయలు, రెండు చొక్కాలకు సరిపోతుంది.

ఇంకో చిన్న తప్పు. హవ్వ తింటున్నప్పుడు ఆదాము దూరంగా జంతువులకు పేర్లు పెడుతున్నాడని టీచరు పుస్తకం రాసింది. 3:6లో ‘తనతోపాటు’ ఉన్న భర్తకు ఇచ్చిందని స్పష్టంగా ఉంది. రెండు ముక్కలూ పక్కపక్కనే పెట్టండి. తప్పంతా ఆడపిల్లలదే అని క్లాసులో మగపిల్లలు అల్లరి చేసే అవకాశం అక్కడితో పోతుంది. పాము ముక్క చెట్టుకు చుట్టుకుని ఉంది. అలా ఉందని వాక్యంలో లేదు గానీ, ఒక్క పాము కోసం కొత్త ముక్క కత్తిరించుకోవాల్సినంత తప్పు కాదు.

3:24లో తోటకు కావలి ఉన్న రెక్కల పరలోక జీవులు, కెరూబులు, ఈ పెట్టెలో ఉన్న తీరు చూస్తే నవ్వొస్తుంది. బూరెబుగ్గల పసిపిల్లలకు రెక్కలు తగిలించారు. యూరపు గుళ్ల పైకప్పుల మీద నుంచి దిగొచ్చిన బొమ్మలు అవి. యెహెజ్కేలు మొదటి అధ్యాయంలోనూ పదో అధ్యాయంలోనూ చెప్పిన నాలుగు ముఖాలు, నాలుగు రెక్కల జీవులకూ వీటికీ పోలికే లేదు. కావలి కాస్తున్నారంటే పిల్లలకు నమ్మకం కుదరాలి కదా. ముఖాలు గీయడానికి పోకుండా, పసుపు ఫెల్టులో ఒక్కొక్కటి 20 సెంటీమీటర్ల రెక్కలు నాలుగు కత్తిరించి, జీవవృక్షం ముందు రెండు వైపులా రెండేసి పెట్టండి. ఖడ్గం ఒకే ముక్క, కదలదు. వాక్యంలో అది ‘ఇటు అటు తిరుగుచున్న’ ఖడ్గజ్వాల. పిడి దగ్గర చొక్కా బొత్తాం ఒకటి వదులుగా కుట్టి, వెనక చిన్న ఫెల్టు బిళ్ల పెడితే వేలితో తిప్పొచ్చు. పిల్లలకు పాఠం మొత్తంలో బాగా గుర్తుండేది ఇదే.

ఆ చివరి ఘట్టాన్నే పెట్టె పాడుచేసింది. పుస్తకం ప్రకారం 3:24 దగ్గర టీచరు జీవవృక్షాన్ని బోర్డు మీది నుంచి తీసేయాలి. ఎందుకు? దేవుడు ఆ చెట్టును నరికించలేదు, పెరికించలేదు. దారికి కావలి పెట్టాడు. 2:15లో తోటను ‘కాచుటకు’ ఆదామును పెట్టారు, 3:24లో జీవవృక్షానికి పోయే మార్గాన్ని ‘కాచుటకు’ కెరూబులు వచ్చారు. హెబ్రీలోనూ రెండు చోట్లా ఒకే క్రియ, మన అనువాదమూ అదే మాట నిలబెట్టింది. ఆదాము పోగొట్టుకున్న ఉద్యోగం ఇంకొకరికి వెళ్లింది. కాబట్టి తీయాల్సింది ముందున్న చెట్టును. ఆదాము హవ్వలను బోర్డు అంచుకు, తూర్పువైపుకు, జరపాలి. జీవవృక్షం రెక్కల వెనక, ఖడ్గం వెనక, కనిపిస్తూనే ఉండాలి. 1 రాజులు 6:29లో సొలొమోను మందిరం గోడల నిండా కెరూబులు, ఖర్జూరపు చెట్లు, వికసించిన పువ్వులు చెక్కించాడంటే అది మళ్లీ ఆ తోట గుమ్మమే.

ఆదికాండంతో కథ ఆగిపోతే జీవవృక్షం ఒక పోయిన వస్తువుగా మిగిలిపోతుంది. పెట్టె అక్కడితో ఆగిపోయింది. బైబిలు చివరి పుస్తకం ప్రకటనలో జీవవృక్షం మళ్లీ కనిపించే 22:2 కోసం ముక్కల్లేవు, పుస్తకంలో పేజీ లేదు. ఇది పెద్ద లోటు. నది పట్టీలు రెండున్నాయి. 2:10 ప్రకారం ఒక నది బయలుదేరి నాలుగు పాయలు కావాలి గనుక ఆదికాండానికి అవి చాలవు గానీ, ప్రకటనకు ఒక్కటి చాలు. బోర్డు నడుమ నది, దాని ఈవలా ఆవలా జీవవృక్షం, నెలకొక కాపు చొప్పున పన్నెండు కాపులు, ఆకులు జనాల స్వస్థతకు. రెండో జీవవృక్షం మొదటిదాన్ని చూసి కత్తిరించుకోవాలి: ముదురు పచ్చ ఒక షీటు, లేత పచ్చ ఒకటి, మానుకు గోధుమరంగు సగం షీటు. పెట్టెలో ఉన్న తొమ్మిది పండ్లలో ఆపిల్ తీసేస్తే ఎనిమిది మిగులుతాయి, ఇంకో నాలుగు కావాలి. ఇక్కడ మాత్రం మామిడి, జామ, సపోటా ఏవైనా పెట్టుకోండి.

ఆ రెండు చెట్ల మధ్య శిలువ రావాలి, అది కూడా చెట్టుగానే. కొత్త నిబంధన గ్రీకులో జీవవృక్షానికీ యేసును వేలాడదీసిన కొయ్యకూ ఒకే మాట. అపొస్తలుల కార్యములు 5:30లో, 1 పేతురు 2:24లో మన అనువాదం దాన్ని ‘మ్రాను’ అంది. మనకు మాను అంటే నిలబడ్డ చెట్టు కూడా. అనువాదకులు ఎంచుకున్న మాట ఇది ఒక్కటి చాలు, ఇంత విడమరచి చెప్పాల్సిన పని తగ్గిపోతుంది. దీనికి బొమ్మ కావాలంటే వేరే దేశం పోనక్కర్లేదు. సెయింట్ థామస్ మౌంట్ మీది చర్చిలో బలిపీఠం దగ్గర రాతి శిలువ ఉంది, 1547లో పోర్చుగీసువాళ్లు అక్కడ తవ్వుతుంటే బయటపడింది. చుట్టూ పహ్లవీ (పాత పారశీక భాష) రాత. దాని చేతుల కొసలు మొగ్గల్లా విచ్చుకుంటాయి, అడుగున రెండు వైపులా ఆకులు పైకి లేస్తాయి, మీద పావురం. చచ్చిన కొయ్య కాదు, చిగురేసిన మాను. ఫోటో చూసుకుని ఆ ఆకులను గోధుమరంగు శిలువకు పచ్చ ఫెల్టుతో తగిలించండి. 25 సెంటీమీటర్ల ఎత్తు సరిపోతుంది.

పుస్తకం అస్సలు ముట్టుకోని ప్రశ్న ఒకటుంది, చెన్నై పిల్లలు అది అడక్క మానరు. వీధి చివర వేపచెట్టుకు పసుపు గుడ్డ కట్టి దీపం పెడతారు, రావిచెట్టు చుట్టూ తిరుగుతారు. మరి ఏదెనులోని చెట్టుకూ అలాగే మొక్కారా? లేదనే చెప్పాలి, పొరుగువాళ్లను ఎగతాళి చేయకుండా. ఆదికాండంలో చెట్టు తినడానికో, తినకుండా ఉండడానికో ఇచ్చింది. పూజ అందుకునేది కాదు. అయినా చెట్టు కింద దేవుణ్ని కలుసుకోవడం బైబిలుకు కొత్తేమీ కాదు. మోరే దగ్గరి సింధూరవృక్షం దగ్గర దేవుడు కనిపిస్తే అబ్రాహాము బలిపీఠం కట్టాడు, బెయేర్షెబాలో ఒక చెట్టు నాటి అక్కడ ప్రార్థన చేశాడు. అదే బైబిలు ద్వితీయోపదేశకాండం 16:21లో బలిపీఠం పక్కన ఏ చెట్టునూ దేవతాస్తంభంగా నాటొద్దంటుంది. రెండు మాటలూ చెప్పాలి. ఒకటే చెబితే పిల్లలు ఇంటికెళ్లి వేపకొమ్మ విరుస్తారు, లేదా ఏదెను చెట్టుకు దండ వేస్తారు.

పాఠం నడిపే వరస గురించి ఒక్కటే మాట. పుస్తకం నిషేధంతో మొదలుపెట్టింది. మీరు ప్రతి చెట్టు పండూ తినొచ్చన్న 2:16తో మొదలుపెట్టండి. మామూలు చెట్లు ముందు పెట్టి, పిల్లలను ఒక్కొక్కరిగా పిలిచి పండు కోయించండి. ఐదు నిమిషాలు పట్టినా పట్టనివ్వండి. అన్నీ తినొచ్చని చేతులకు తెలిశాకే నడుమ చెట్లు రావాలి. అప్పుడు ‘ఏ చెట్టు పండూ తినకూడదన్నాడా?’ అన్న పాము ప్రశ్నలో మోసం వాళ్లకే పట్టుబడుతుంది. మొత్తం ఒకే రోజు కానిస్తే నలభై నిమిషాలు పడుతుంది, ఆరేళ్ల పిల్లలు అంతసేపు కూర్చోరు. నాలుగు ఆదివారాలకు విడగొడితే మేలు: తోట, తినడం, కావలి, నది.

సామాను నిలవ విషయం. ముక్కలు ప్లాస్టిక్ దారపు ఫెల్టు గనుక ఇస్త్రీ పెట్టకూడదు, అంచులు కరిగి ముడుచుకుంటాయి. నలిగితే రెండు బరువైన పుస్తకాల మధ్య ఒక రాత్రి ఉంచండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గాలి తేమకు బోర్డు గుడ్డ మెత్తబడి నూగు అణిగిపోతుంది. పాఠానికి ముందు పొడి బట్టల బ్రష్షుతో కింది నుంచి పైకి నాలుగుసార్లు దువ్వితే మళ్లీ లేస్తుంది. పెద్ద చెట్లకు వెల్క్రో గరుకు బిళ్లలు రెండు సెంటీమీటర్లవి తగిలించొచ్చు. చిన్నవాటికి వద్దు, ఊడదీసినప్పుడల్లా ఫ్లానెల్ పీకేస్తుంది. ముక్కలు చుట్టి రబ్బరు బ్యాండు వేయకండి, చుట్ట తిరిగిన ముక్క బోర్డు మీద అంచులు లేపి నిలబడదు. జిప్ కవర్లలో పరిచి పెట్టండి. కాగితం లేబుళ్లకు కాగితం తినే వెండిచేప పురుగుల బెడద ఉంటుంది గనుక అవి వేరే కవరులో.

మొత్తానికి పెట్టె ధర మీద దిద్దుబాట్లకు మరో రూ. 250 దాటదు. పది పదిహేను మంది పిల్లలున్న సంఘానికి ఈ బోర్డు సరిపోతుంది. ముప్పై దాటితే వెనక వరసకు పండ్లు కనబడవు. తమిళ పెట్టెలోనూ ఇవే ముక్కలు, ఇదే మడత ఉన్నాయి కాబట్టి అది కొని తెలుగు లేబుళ్లు రాసుకుందామనుకుంటే లాభమేమీ లేదు. కొనేముందు దుకాణంలోనే బోర్డు పూర్తిగా తెరిపించి, రెండు పలకల గుడ్డ ఒకే రంగులో ఉందో లేదో చూసుకోండి. కొన్ని పెట్టెల్లో ఎడమ పలక నీలం ఒక పాలు ముదురుగా ఉంది, పట్టీకి గుడ్డ తెచ్చేటప్పుడు ఏ పలకను నమూనాగా పట్టుకెళ్లాలో తెలియక చిక్కు.